రంధ్రానికి పంచనామా

గెడ్డవలసలో పళ్ళసెట్లు చేసే జోగారావుకి పొగ పడదు. ఎదురింటి అరుగు మీద ఎవరైనా బీడీ వెలిగిస్తే ఇక్కడ కుర్చీలో కూర్చుని మూడు తుమ్ములు తుమ్ముతాడు. అలాంటి మనిషి మూడేళ్ళుగా పొగాకు పైపులు చేస్తున్నాడంటే ఊళ్ళో చాలామంది నమ్మలేదు. నమ్మినవాళ్ళు జాలిపడ్డారు. ఆయన భార్య వరాలమ్మ మాత్రం, "పేకాట కన్నా నయం, మనిషి ఇంటిపట్టున ఉంటాడు" అని సరిపెట్టుకుంది.

ఈ జబ్బు అంటుకున్న వైనం చిన్నదే. కాఫీ తోటల్లో చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన తన పైపు నోటిముక్క విరిగిందని పట్టుకొచ్చాడు. "పళ్ళు చేసేవాడివి, పళ్ళతో పట్టుకునేది చెయ్యలేవేమిటయ్యా?" అన్నాడు. జోగారావు చేసిచ్చాడు. చేసేముందు ఆ పైపుని రెండు రోజులు తిప్పితిప్పి చూశాడు. అరచేతిలో ఇమిడే చెక్క, పైన ఒక గిన్నె, కాడలోంచి ఒక సన్నటి దారి. ఇంతే కదా అనుకున్నాడు. ఇంతే కదా అనుకున్న పని ఎవరినైనా మూడేళ్ళు తిప్పకుండా వదలదు.

కిటుకంతా రంధ్రంలో ఉంది. కాడ వైపు నుంచి తొలిచిన పొగదారి, పైనుంచి తొలిచిన గిన్నె, రెండూ సరిగ్గా గిన్నె అడుగున కలుసుకోవాలి. వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతుని నూలు అంటారు. ఒక్క నూలు పైకి పోయిందా, అడుగు పొగాకు కాలదు, తడి చేరి గురక పెడుతుంది. ఒక్క నూలు కిందికి పోయిందా, గిన్నెకి చిల్లే. జోగారావు మొదటి పది పైపులకీ నోటిముక్కలు పళ్ళసెట్టు చేసే గులాబీరంగు ముద్దతోనే పోశాడు. బల్ల మీద వరసగా పెడితే అవన్నీ చిగుళ్ళు బయటపెట్టి ఇకిలిస్తున్నట్టుండేవి. వరాలమ్మ వాటి మీద గుడ్డ కప్పేసేది.

తయారుచేసినవాడికి పొగ పడదు కాబట్టి తాగి చూసే మనిషి వేరే కావాలి కదా! ఆ మనిషి వీధి చివరుండే పైడాచారి. పనస మొద్దు తొలిచి వీణలు చేసే మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు. జోగారావుకి ఉలి పట్టడం నేర్పిందీ ఆయనే, ప్రతి పైపూ వెలిగించి తీర్పు చెప్పేదీ ఆయనే. ఆయన నోట "పనివాడు" అన్న మాట ఇంతవరకు ఇద్దరి గురించే వచ్చింది. ఒకరు ఆయన తండ్రి. రెండోవాడి పేరు ఆయనకి గుర్తులేదు.

"ఇది పైపు కాదురా జోగులూ, ఈల," అన్నాడు మొదటిదాన్ని. తొమ్మిదోదాన్ని గరాటా అన్నాడు. పద్నాలుగోది వెలిగించగానే పగిలింది. ఇరవయ్యోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "మా బావమరిది నిద్దరోతన్నట్టుంది" అన్నాడు. జోగారావు ప్రతిసారీ తలకాయ ఊపి, ఇంటికొచ్చి అన్నం సగమే తిని, ఇంకో మొద్దు తీసేవాడు. తనకి కావలసింది ఆ ఒక్క మాట. పళ్ళసెట్లు చెయ్యడం మొదలెట్టి ఇరవై రెండేళ్ళయింది. పెట్టుకున్నవాడెవడూ బాగుందని చెప్పలేదు. వదులుగా ఉందనో, బిగువుగా ఉందనో మాత్రమే వచ్చి చెబుతారు.

ఆ నెల మొదట్లో డాక్టరు పైడాచారి గుండెల మీద గొట్టం పెట్టి విని, పొగాకు మానకపోతే తను పూచీ కాదన్నాడు. పైడాచారి మాటంటే మాటే. "వచ్చే నెల ఒకటో తారీకు నించి ముట్టనని సెప్పీసేను. నెలాకరు దాకా నీదే. ఈలోపు ఏదైనా తెస్తే తే. తరవాత నువ్వు బంగారంతో సేసినా నానేటీ సెప్పలేను," అన్నాడు.

అప్పటికి ఇరవై ఏడో పైపు బల్ల మీద ఉంది. రెండేళ్ళు నీడన ఆరిన రేగు మొద్దు. నోటిముక్క దున్నకొమ్ముతో చేశాడు. ఇంతకాలం గిన్నె ముందు తొలిచి, దాన్ని వెతుక్కుంటూ పొగదారిని పంపేవాడు. అదీ తప్పు! ఈసారి పొగదారి ముందు తొలిచి, దాని కొస ఎక్కడుందో గీసుకుని, గిన్నెని దాని మీదికి దించాడు. ఊదితే పొట్టు ఎగిరింది. చీపురుపుల్ల దూరిస్తే అడుగుని రాసుకుంటూ, అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది.

"తగిలింది!" అని కేక పెట్టాడు జోగారావు.

"ఏటి తగిలిందండీ, లాటరీయా?" అంటూ వరాలమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"అడుగు తగిలిందే!"

"నా తల్లే! పైత్యం ముదిరిపోయింది," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అది ఇరవయ్యో తారీఖు ఉదయం. కుర్చీలో ఉన్న ఒక్క మనిషిని పంపించేసి గురువుగారి దగ్గరికి పరుగెత్తాలనుకున్నాడు జోగారావు. ఆ ఒక్క మనిషి దూసి పురుషోత్తంగారు, జిల్లా హస్తకళా వికాస మండలి అసిస్టెంట్ డైరెక్టరు. నెలాఖరు సభలో ఉపన్యాసం ఉంది, పై సెట్టు జారుతోందని బిగింపించుకోడానికి వచ్చారు.

ఆ రోజుల్లో జిల్లాలో "ఇంటికో కళ" పథకం నడుస్తోంది. జిల్లాకి వంద విశిష్ట కళలు ముప్పయ్యో తారీఖులోగా నమోదు కావాలని పైనుంచి ఉత్తర్వు. తక్కువైతే సంజాయిషీ. మండలి వాళ్ళు ఎండనక వాననక తిరిగి తొంభై తొమ్మిది కళలు కనిపెట్టారు. తొంభై ఏడోది పిడకల మీద వేలిముద్రల అమరిక. తొంభై ఎనిమిదోది చీరకుచ్చిళ్ళు ఒంటిచేత్తో పెట్టడం. తొంభై తొమ్మిదోది ఏమిటో ఫైల్లో ఉంది గానీ, నమోదు చేసిన గుమాస్తా సెలవులో ఉన్నాడు. నూరోదాని కోసం పురుషోత్తంగారికి పది రోజులుగా నిద్రలేదు.

నోటికి రుమాలు అడ్డం పెట్టుకునే ఆయన బల్ల వైపు చూశారు. "ఇది మీ హస్తంతో చేసిందేనా?"

"ఏదో సరదాగానండి."

"సరదా అనకండి. సరదాకి పద్దు లేదు. ప్రవృత్తి అనండి." లేచి వచ్చి పైపుని వెలుగులో పెట్టి చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నూరు పూర్తయిందయ్యా. దీన్ని పరిశీలనార్థం తీసుకెళుతున్నాను. రెండు రోజుల్లో పంపిస్తాను."

"అయ్యా, గురువుగారు తాగి చూడాలండి. నెలాఖరు దాటితే..."

"ముందు ప్రభుత్వం చూడాలి. తరవాత ఎవరైనా చూడొచ్చు."

పైపు జేబులోకి వెళ్ళిపోయింది. ఆయన పై సెట్టు ఇంకా జోగారావు చేతిలోనే ఉంది. పైపిస్తేనే సెట్టు అని అడ్డం తిరిగి ఉంటే వ్యవహారం అక్కడితో తేలిపోయేది. కానీ మర్యాదస్తుడు! కడిగి, తుడిచి, చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం పైడాచారి పొగాకు నలిపి ఆకులో కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏదిరా?"

"ఆఫీసులో ఉంది గురువుగారూ. పరిశీలనకి తీసుకెళ్ళారు."

"ఎవుడు తాగి సూస్తాడు?"

"తాగరండి. ఊరికే చూస్తారు."

"సెవిటోడి ముందు శంకం ఊదినట్టుంది. సర్లే, ఇంకా పదిరోజులుంది కదా," అని పైడాచారి పొగాకు పొట్లం దూలంలో దోపాడు.

రెండు రోజులు నాలుగయ్యాయి. ఇరవై నాలుగో తారీఖున జోగారావుకి కబురొచ్చింది, జిల్లా కేంద్రంలో సంయుక్త సమావేశానికి రావాలని. ఎవరితో ఎవరు సంయుక్తమో అక్కడికి వెళ్ళాక తెలిసింది. బల్లకి ఆ పక్కన పొగరహిత జిల్లా విభాగం ప్రత్యేకాధికారిణి డాక్టర్ హైమవతిగారు కూర్చున్నారు. కిందటి నెలలోనే ఆ జిల్లాని పొగరహిత జిల్లాగా ప్రకటించారు. ఆ రోజు నుంచి జిల్లాలో ఎక్కడ పొగ లేచినా దాన్ని మంచు కింద రాస్తున్నారు. ఇటుకబట్టీల మంచు మీద రోజువారీ నివేదిక కూడా వెళుతోంది.

"పొగరహిత జిల్లాలో పొగాకు పరికరం కళగా నమోదు కావడం ఎంతమాత్రం సమంజసం కాదు," అన్నారు హైమవతిగారు. "ఒకవేళ అయితే గియితే, నిబంధన ప్రకారం దాని ఉపరితలంలో ఎనభై అయిదు శాతం మీద హెచ్చరిక బొమ్మ ఉండాలి."

"ఏం బొమ్మండీ?" అన్నాడు జోగారావు.

"చెడిపోయిన గొంతు."

జోగారావు తన పైపుని చూశాడు. అది బల్ల మధ్యన పళ్ళెంలో ఉంది. మీద రేగుచెక్క చారలు నీటి అలల్లా తిరిగి ఉన్నాయి. వాటి మీద గొంతు చెక్కమంటున్నారు.

పురుషోత్తంగారు గొంతు సవరించుకున్నారు. "అలా చేస్తే కళకి మిగిలేది పదిహేను శాతం. మా లెక్కలో తొంభై తొమ్మిదింబావు కూడా అవదు. పైవాళ్ళు పూర్ణాంకం అడుగుతున్నారు."

అరగంట సేపు ఇద్దరూ ఎవరి చట్టం వాళ్ళు చదువుకున్నారు. టీలు వచ్చాయి. టీ తెచ్చిన అటెండరు గవిరయ్య, అరవై దగ్గరపడిన మనిషి, పళ్ళెం వైపు వంగి, "ఏ సెక్క బాబూ ఇది?" అని జోగారావుని నెమ్మదిగా అడిగాడు. రేగు అని చెబితే, "అదే అనుకున్నాను, బిగువుంది" అని కప్పులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ గదిలో పైపు గురించి పైపులాగా మాట్లాడింది ఆయనొక్కడే.

చివరికి దారి చూపించింది హైమవతిగారే. "ఇందులో పొగాకు సంబంధమైన భాగం ఏది? చెక్కా? కాదు. కొమ్మా? కాదు. పొగ పోయేది ఎందులోంచి?"

"రంధ్రంలోంచి," అన్నారు పురుషోత్తంగారు.

"అయితే చెక్క, కొమ్ము మీ శాఖవి. రంధ్రం మా శాఖది."

ఇద్దరి ముఖాలూ వికసించాయి. ఫైలుని అక్కడికక్కడే రెండు చేశారు. చెక్కకి ఆకుపచ్చ అట్ట, రంధ్రానికి ఎర్ర అట్ట. ఇక రంధ్రానికి పంచనామా మొదలైంది. ఒక గుమాస్తా చదువుతుంటే ఇంకొకాయన రాసుకున్నాడు. పొడవు: రెండు అంగుళాల ఆరు నూళ్ళు. వెడల్పు: ఒక నూలు. లోపల దొరికిన వస్తువులు: ఏమీ లేవు. రంగు: చీకటి. యజమాని: విచారణలో ఉన్నది. ఇద్దరు సాక్షులు ఒకరి తరవాత ఒకరు లోపలికి చూసి, చూశామని సంతకాలు చేశారు.

"ఇంత తిన్నగా ఎలా తొలిచారు?" అని అడిగారు హైమవతిగారు.

మూడేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. జోగారావు పొంగిపోయాడు. అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "అందరూ గిన్నె ముందు తొలుస్తారండి. నేనూ ఇరవై ఆరు అలాగే పాడుచేశాను. ఈసారి రంధ్రం ముందు తొలిచి, గిన్నె తరవాత..."

"ఆగండి," అన్నారావిడ. "గిన్నె లేనప్పుడే రంధ్రం చేశారా?"

"అవునండి. అదే కిటుకు."

"రాసుకోండి. నిందితుడు రంధ్రాన్ని ముందస్తు పథకం ప్రకారం, ఉద్దేశపూర్వకంగా చేసినట్టు స్వయంగా అంగీకరించాడు. ఇంతకుముందు ఇరవై ఆరు ప్రయత్నాలు చేసినట్టు కూడా."

వచ్చేటప్పుడు కళాకారుడు, టీ తాగేలోపు నిందితుడు. పురుషోత్తంగారు కుర్చీ దగ్గరికి జరిపి భుజం తట్టారు. "కంగారు పడకండి. చెక్క వరకు మీరు కళాకారులే. రంధ్రం వరకే నిందితులు."

"అయ్యా, నా పైపు నాకిచ్చేయండి. ముప్పయ్యో తారీఖులోగా చాలు. గురువుగారు ఒక్కసారి లాగి చూడాలి. ఆయన మాట చెప్పాలి. నాకు సన్మానాలూ వద్దు, కళా వద్దు."

హైమవతిగారు చెడ్డ మనిషి కాదు, జాలిపడ్డారు. "ఒక మార్గం ఉంది. హామీపత్రం రాసివ్వండి. వస్తువు ముప్పయ్యో తారీఖు సభలో మీ చేతికొస్తుంది."

హామీపత్రం సిద్ధంగానే ఉంది. "నేను నా జీవితకాలంలో ఏ చెక్కకు గాని, ఏ కొమ్ముకు గాని, ఏ కారణం చేత గాని రంధ్రము చేయనని, చేసినచో శిక్షకు బద్ధుడనని" ఉంది. జోగారావు రెండుసార్లు చదివాడు. మూడేళ్ళు నేర్చుకున్న పని అది. కానీ ఇరవై ఎనిమిదోది తనకెందుకు? ఇరవై ఏడోదానికి రంధ్రం ఉంది. సరిగ్గా ఉంది. గురువుగారు ఆ మాట అనడానికి అది చాలు. ఉన్న రంధ్రం ఉంటుంది కదా, కొత్తది చెయ్యకపోతే ఏం పోయింది అనుకుని సంతకం పెట్టేశాడు.

ముప్పయ్యో తారీఖు సభ నాలుగింటికన్నారు, ఆరింటికి మొదలైంది. పురుషోత్తంగారి పై సెట్టు కదలకుండా గంటంబావు నిలబడింది. దానికి చప్పట్లు రావలసింది జోగారావుకి, వచ్చింది ఉపన్యాసానికి. నూరు కళలూ పూర్తయినట్టు ప్రకటించారు. నూరో కళ పేరు "రంధ్రరహిత ధూమపాన పరికర కళ." జిల్లాలో అరవైమందికి ఆ కళలో మూడు నెలల శిక్షణ ఇస్తారట. శిక్షకుడు వాకాడ జోగారావు. అరవైమందీ తలా వంద చేస్తే ఆరువేల పైపులూ పొగాకు వ్యతిరేక దినం నాడు బడిపిల్లలకి పంచుతారట. శాలువా కప్పారు. ఒక పెట్టె చేతిలో పెట్టారు.

రంధ్రరహితం అన్న మాట జోగారావు చెవికి తగిలింది గానీ బుర్రకెక్కలేదు. సభల్లో అనే మాటలు పట్టించుకునే అలవాటు ఆయనకి లేదు. ఆయన ధ్యాసంతా గడియారం మీద ఉంది. దండ మెడలో ఉండగానే ఆఖరి బస్సెక్కాడు. దారి పొడుగునా పెట్టెని కడుపుకి ఆనించి పట్టుకున్నాడు. విప్పి చూసుకోలేదు, గురువుగారే మొదట చూడాలని.

పైడాచారి పొగాకు పొట్లం ఒళ్ళో పెట్టుకుని, గోడకి జారగిలబడి కూర్చున్నాడు. ఆ రోజు పొద్దుటినుంచీ ఏమీ తాగలేదట, నోరు శుభ్రంగా ఉండాలని.

"వచ్చావేటి! దండేట్రా మెళ్ళో, మళ్ళీ పెళ్ళి సేసుకున్నావా?"

"చూడండి గురువుగారూ," అని పెట్టె అందించాడు జోగారావు. మూడేళ్ళ ఆశంతా ఆ రెండు మాటల్లో ఉంది.

పైడాచారి పైపుని దీపం కింద పెట్టి తిప్పాడు. చారల వెంట బొటనవేలు నడిపాడు. గిన్నెలో పొగాకు కూరాడు. చాలా పొందిగ్గా, మూడు విడతలుగా కూరాడు. అగ్గిపుల్ల వెలిగించి లాగాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఇంకోసారి లాగాడు. కళ్ళు పైకి తేలాయి.

పొగ రాలేదు. నిప్పు అంటుకోనే లేదు.

జోగారావు పెట్టెలోకి చూశాడు. అడుగున ఒక కాగితం ఉంది. దీపం దగ్గరికి జరిగి చదివాడు.

"విషయం: రంధ్రమును స్వాధీనపరచుకొనుట గురించి. సదరు పరికరములోని రంధ్రము ఈ విభాగమునకు చెందినది అయినందున, దానిని అటెండరు శ్రీ గవిరయ్య ద్వారా పూర్తిగా పూడ్పించి స్వాధీనపరచుకోవడమైనది. రంధ్రము ఈ కార్యాలయములో భద్రముగా ఉన్నది. పూడికను తొలగించుట శిక్షార్హము. చెక్కను మాత్రము హక్కుదారునకు తిరిగి ఇవ్వడమైనది."

జోగారావు అరుగు మీద కూలబడ్డాడు. కొత్తది చెయ్యడానికి లేదు, సంతకం పెట్టాడు. ఉన్నది విప్పడానికి లేదు. రేపటినుంచి గురువుగారు తాగరు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

పైడాచారి ఇదేమీ చూడటంలేదు. పొగాకు తీసేసి, కొమ్ము నోటిముక్క ఊడదీసి, కాడ కొసని తనవైపు తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని, రంధ్రం ఉండవలసిన చోట గోరు పెట్టి అడ్డంగా గీశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. నిలువుగా గీశాడు. ఆగలేదు. గిన్నె అడుగున చిటికెనవేలు పెట్టి తడిమాడు. మళ్ళీ దీపం దగ్గర పెట్టి చూశాడు. చెక్క చారలు పూడిక మీదినుంచి కూడా అలాగే, తెగకుండా వెళ్ళిపోతున్నాయి.

"ఎవుడ్రా ఇది పూడ్సింది?"

"గవిరయ్యని, ఆఫీసులో అటెండరండి," అన్నాడు జోగారావు ముక్కు ఎగబీలుస్తూ.

"అదే సెక్క పొట్టు, అదే సెక్క పేడు. సార కలిపీసేడు సూడు. ఎక్కడ మొదలెట్టేడో ఎక్కడ ఆపీసేడో నాకే తెలవలేదు." పైడాచారి పైపుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అరవయ్యేళ్ళు అయింది నాను ఉలి పట్టి. ఇలాటి సెయ్యి సూళ్ళేదు. పనివాడురా! పనివాడంటే ఈడు."

జోగారావు ఏడుపాపి దగ్గరికి జరిగాడు.

"నా రంధ్రం సంగతో, గురువుగారూ?"

"కనపడందాని గురించి నానేటి సెప్పగల్ను?" అన్నాడు పైడాచారి చిరాగ్గా. పొగాకు పొట్లం తీసి, లెక్క ప్రకారం ఇంకా రెండు గంటలు టైముందని కూడా చూడకుండా, పెరట్లోకి విసిరేశాడు. మళ్ళీ పూడిక వైపు చూసి మురిసిపోయాడు. "ఇక్కడ వీణకి అతుకు పెట్టీవోడు దొరక్క నాను ఊళ్ళన్నీ తిరుగుతున్నాను. ఇలాటోళ్ళందర్నీ సర్కారోళ్ళు పట్టుకుపోయి టీలు మోయిస్తన్నారన్నమాట! రేపే తోలుకురా అతన్ని. నువ్వు కూడా పక్కన కూకుని నేర్సుకో."

జోగారావు సరేనన్నాడు. శాలువా చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. అది నైలాన్‌ది, తడి పీల్చుకోలేదు.